ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ద యూనివర్స్: ఏ రికార్డు ఏ ఏడాదిది? ఎక్కడ మొదలెట్టాలి?

సన్నజాజి_ఎల్పీ:
కమ్యూనిస్టు చెకోస్లవేకియాలో ప్రభుత్వం పాడనివ్వని ప్రాగ్ రాక్ బ్యాండ్ ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ద యూనివర్స్ రికార్డులు వరసగా వినడానికి ఒక జాబితా రాస్తున్నాను. తేదీలు ఎక్కడికక్కడ తేడా కొడుతున్నాయి. మొదటి ఆల్బమ్ 'ఎగోన్ బోందీస్ హ్యాపీ హార్ట్స్ క్లబ్ బ్యాన్డ్' ఒకచోట 1974, ఇంకోచోట 1975, మరోచోట 1978. ఈస్టర్ పాషన్ ప్లే (ఏసు సిలువ కథ) రికార్డు 1978 అనీ ఉంది, 1980 అనీ ఉంది. జాబితాలో ఏది వెయ్యాలి? ఇంకొకటి: వీళ్లని జైల్లో పెట్టింది ఏ పాట మీద? అది ఏ ఆల్బమ్‌లో ఉంది?

పాతటేపు:
అన్నీ కరెక్టేనండి. మొదటిది 1974-75 చలికాలంలో హౌస్కా అనే కోటలో రికార్డు చేశారు. దేశంలో అచ్చు వేసే దారి లేదు. టేపు బయటికి వెళ్లి, 1978లో ఫ్రాన్సులో డిస్కుగా వచ్చింది. పాషన్ ప్లే 1978లో హ్రాడెచెక్‌లో, అంటే నాటకకర్త వాత్స్లవ్ హావెల్ పల్లెటూరి ఇంట్లో, రికార్డయింది. డిస్కు 1980లో కెనడాలో వచ్చింది. అది వేసింది పాల్ విల్సన్. 1970-72 మధ్య ఇదే బ్యాండ్‌లో ఇంగ్లీషు పాటలు పాడిన కెనడా మనిషి, 1977లో చెకోస్లవేకియా నుంచి గెంటేశారు. అందుకని జాబితాలో రెండు గళ్లు పెట్టండి: 'రికార్డింగు', 'విడుదల'. వరస మాత్రం రికార్డింగు ఏడాదిని బట్టే వెయ్యండి. విడుదలను బట్టి వేస్తే 1974 నాటి గరుకు శబ్దం 1978లో పుట్టినట్టు కనబడుతుంది, బ్యాండ్ ఎదుగుదల మొత్తం తలకిందులవుతుంది.

పేరులో 'బ్యాన్డ్' అన్నది అచ్చుతప్పు అనుకుని 'బ్యాండ్' అని దిద్దకండి. బీటిల్స్ ఆల్బమ్ పేరు మీద వేసిన ఎగతాళి అది. క్లబ్ 'బ్యాండ్' కాదు, క్లబ్ 'నిషిద్ధం'.

మూడో_వాయిదా:
కేసు సంగతి. ఫలానా పాట మీద కేసు అంటూ ఏమీ లేదు. 1976 ఫిబ్రవరి 21న బొయనొవిత్సె అనే ఊళ్లో కచేరీ జరిగింది. బ్యాండ్ పెద్ద దిక్కు ఇవాన్ మార్టిన్ యిరౌస్ పెళ్లి విందు పేరుతో. మార్చి 17 నుంచి అరెస్టులు. సెప్టెంబరు 21-23 తేదీల్లో ప్రాగ్‌లో విచారణ. యిరౌస్‌కి 18 నెలలు, పావెల్ జయీచెక్‌కి 12, స్వతొప్లుక్ కరాసెక్‌కి 8, శాక్సఫోన్ వాయించే వ్రతిస్లవ్ బ్రబెనెత్స్‌కి 8. ఇక్కడ గమనించాల్సింది, శిక్ష పడ్డ నలుగురిలో ప్లాస్టిక్ పీపుల్‌లో వాయిద్యం పట్టుకున్నది బ్రబెనెత్స్ ఒక్కడే. జయీచెక్ డీజీ 307 అనే వేరే గ్రూపు. కరాసెక్ గిటారు పట్టుకుని పాడే పాస్టర్. యిరౌస్ కళా చరిత్రకారుడు, వాయించడు.

సెక్షను 'వీత్రజ్నిత్స్త్వీ'. మన భాషలో న్యూసెన్స్ కేసు, కాకపోతే ముఠా కట్టి చేశారని. రాజద్రోహం పెడితే రాజకీయ ఖైదీలవుతారు, పైగా మానవ హక్కులు పాటిస్తామనే హెల్సింకీ ఒప్పందం మీద 1975లో ప్రభుత్వం సంతకం పెట్టి ఉంది. రౌడీమూక అంటే ఆ గొడవ లేదు. అందుకే కోర్టులో వాదన అంతా పాటల్లోని బూతు మాటల చుట్టూ తిరిగింది. లెక్క తప్పింది. కోర్టు వరండాలో నిలబడ్డ హావెల్, ఇతర రచయితలు, తత్వవేత్త యాన్ పతోచ్క లాంటివాళ్లు ఆ పరిచయాల మీదే చార్టర్ 77 అనే మానవ హక్కుల ప్రకటన తయారు చేశారు. దాని మీద తేదీ 1977 జనవరి 1. మొదటి విడతలో 242 సంతకాలు.

బేస్_ముందు:
ఇంకో సవరణ. ప్రొటెస్ట్ బ్యాండ్ అనుకుని వింటే మొదటి పది నిమిషాల్లోనే చిరాకు పుడుతుంది. పార్టీని తిట్టే పాట కోసం వెతుకుతారు, దొరకదు. మొదటి ఆల్బమ్ పాటలకి మాటలు కవి ఎగోన్ బోందీవి, ఆ పద్యాల్లో ఉన్నది బీరు, కడుపు, విసుగు. మలబద్ధకం మీద ఒక పాట ఉంది, నిజంగానే. జరిగింది ఏమిటంటే, ఏం వాయించాలో ప్రభుత్వ కమిటీ చెప్పే చోట వీళ్లు కమిటీని అడగలేదు. అంతే.

శబ్దం ఎలా కట్టారో తెలిస్తే వినడం తేలిక. పాట మోసేది మిలన్ హ్లవ్సా బేస్ గిటారు. నాలుగైదు స్వరాల ముక్క ఒకటి పట్టుకుని తిప్పి తిప్పి వాయిస్తాడు, చాలాసార్లు లెక్క నాలుగు మాత్రల్లో ఇమడదు. దాని మీద కబెష్ వయోలా మన శ్రుతిపెట్టెలా ఒకే స్వరం లాగుతూ ఉంటుంది. యనీచెక్ కీబోర్డు బేస్‌కి వంత. బ్రబెనెత్స్ శాక్సఫోన్ మాత్రం ఎవరితోనూ పని లేనట్టు పైన కేక పెడుతుంది. పల్లవి, చరణం కోసం చూడొద్దు. మొదటిసారి గొంతు వదిలేసి బేస్ ఒక్కటే పట్టుకుని వినండి. రెండోసారి వయోలా. మూడోసారికి గొంతు తనంతట తనే అతుకుతుంది.

సోల్డర్_పొగ:
ఆ మట్టి శబ్దంలో సగం కరెంటు కారణం కూడా ఉంది. 1970లో బ్యాండ్‌కి ప్రొఫెషనల్ హోదా, అంటే డబ్బు తీసుకుని వాయించే ప్రభుత్వ లైసెన్సు, పోయింది. హోదాతో పాటు ప్రభుత్వం ఇచ్చిన వాయిద్యాలు, యాంప్లిఫయర్లు, రిహార్సల్ గది పోయాయి. యనీచెక్ మెకానిక్ పని తెలిసినవాడు. పాత ట్రాన్సిస్టర్ రేడియోలు విప్పి యాంప్లిఫయర్లు కట్టాడు.

ఇది వినడానికి గొప్పగా ఉంటుంది గానీ లెక్క చూడండి. చేతి రేడియోలో స్పీకరుకి వెళ్లేది అర వాటు, మహా అయితే ఒక వాటు. డ్రమ్స్ పక్కన బేస్ వినబడాలంటే కనీసం 50 వాట్లు కావాలి. అర వాటు నుంచి 50 అంటే వంద రెట్లు, 20 డెసిబెల్స్. అంటే రేడియో బోర్డు చిన్న సిగ్నల్‌ని కాస్త పెంచే మొదటి దశకి తప్ప పనికిరాదు, స్పీకరుని నడిపే పవర్ దశ విడిగా కట్టుకోవాల్సిందే. ఆ కాలపు జర్మేనియం ట్రాన్సిస్టర్లతో ఇంకో తంటా: వేడెక్కితే కరెంటు ఎక్కువ లాగుతాయి, ఎక్కువ లాగితే మరింత వేడెక్కుతాయి. వెనక అల్యూమినియం రేకు చాలినంత లేకపోతే చివరికి కాలిపోతాయి. ఫిల్టర్ కెపాసిటర్లు పాతవైతే 100 హెర్ట్జ్ గుయ్యిమనే మోత. ఆ మోత ఈ రికార్డింగుల్లో ఉంటే ఆశ్చర్యపోకండి, తీసెయ్యకండి కూడా. దేనికి పనికొస్తుందో ఎవరైనా అడిగితే చెబుతాను.

సన్నజాజి_ఎల్పీ:
అడిగాను సోల్డర్ గారూ, చెప్పండి. నా దగ్గర ఉన్న ఒక ఫైలు ఎందుకో హడావుడిగా పరిగెడుతున్నట్టు ఉంది.

సోల్డర్_పొగ:
స్పీడు తప్పు అయ్యుంటుంది. టేపు నుంచి టేపుకి ఎక్కించినప్పుడు రెండు మిషన్ల మోటారు వేగం ఒకటే ఉండదు. 6 శాతం తేడా వస్తే శ్రుతి ఒక స్వరస్థానం జరుగుతుంది, 3 శాతానికి అందులో సగం. కొలవడానికి ఆ మోతే ఆధారం. అక్కడ కరెంటు 50 హెర్ట్జ్. పాటల మధ్య ఖాళీ జాగా రెండు మూడు సెకన్లు కట్ చేసి ఆడియో ఎడిటర్‌లో స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే బొమ్మ) చూడండి. గీత 50, 100 దగ్గర ఉంటే సరిగ్గా ఉన్నట్టు. 103 దగ్గర ఉంటే 3 శాతం వేగంగా నడుస్తోంది, అంత తగ్గించండి. గ్రిడ్ కూడా కొంచెం ఊగుతుంది కాబట్టి అర శాతం లోపు తేడా పట్టించుకోవద్దు.

జాగ్రత్త: రెండు గీతలు పక్కపక్కన కనబడితే ఒకటి కచేరీ నాటిది, ఇంకోటి కాపీ చేసిన మిషన్ కలిపింది. సరిగ్గా 100 మీద ఉన్నది కాపీ మిషన్‌ది కావచ్చు, పక్కకి జరిగినదాన్ని నమ్మండి.

పాతటేపు:
కాపీల గురించి ఒక మాట కలుపుతాను. ఈ పాటలు దేశంలో తిరిగింది టేపు మీదే. టెస్లా అంటే ఇక్కడ కారు కాదు, చెకోస్లవేకియా ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ, రీలు మిషన్లు వాళ్లవే. 360 మీటర్ల రీలు సెకనుకి 9.5 సెంటీమీటర్ల వేగంతో ఒక ట్రాక్ 63 నిమిషాలు. కాపీకి కూడా అదే 63 నిమిషాలు, రెండు మిషన్లు పక్కపక్కన. మిషన్లు ఒకే రకమనుకుంటే, అసలు టేపుతో పోలిస్తే మొదటి కాపీలో హిస్ (టేపు బుస) 3 డెసిబెల్స్ పెరుగుతుంది, మూడో కాపీకి 6. హిస్ కన్నా పెద్ద నష్టం టేపుని చదివే హెడ్ వంపు తేడా వల్ల. హెడ్ పిసరంత వంగి ఉన్నా పైస్థాయి మొద్దుబారుతుంది, సింబల్ చప్పుడు దుప్పటి కప్పినట్టు అవుతుంది. రీలు దగ్గరుంటే హెడ్ పక్క మర పావు చుట్టు లోపే తిప్పుతూ హిస్ బాగా పదునెక్కిన చోట ఆపాలి. ఫైలుగా మారిపోయాక ఇది కుదరదు. ఈక్వలైజర్‌తో ట్రెబుల్ ఎత్తితే పెరిగేది హిస్ ఒక్కటే.

మూడో_వాయిదా:
కచేరీలు ఎలా పెట్టేవాళ్లో కూడా జాబితాలో ఒక గడి పెట్టండి, లైవ్ రికార్డుల వివరాలు అప్పుడే అర్థమవుతాయి. మొదట్లో పద్ధతి: యిరౌస్‌కి కళాకారుల సంఘం సభ్యత్వం ఉంది, ఉపన్యాసం పేరుతో హాలు దొరుకుతుంది. అమెరికా చిత్రకారుడు ఆండీ వార్హోల్ స్లైడ్లు కాసేపు, తర్వాత 'ఉదాహరణగా' ఆయనతో పనిచేసిన న్యూయార్క్ రాక్ బ్యాండ్ వెల్వెట్ అండర్‌గ్రౌండ్ పాటలు గంటల తరబడి. 1972లో ఒక కొట్లాట తర్వాత ప్రాగ్‌లో దారులు మూసుకుపోయాయి. 1973లో మళ్లీ లైసెన్సు కోసం కమిటీ ముందు వాయించారు, పాసయ్యారు, కొద్ది వారాల్లో అది రద్దయింది.

ఆ తర్వాత పల్లెల్లోనే. పోస్టరు ఉండదు, నోటి మాటే. చోటు ఆఖరి గడియలో తెలుస్తుంది. రైలు దిగి పొలాల గట్ల మీద, మంచులో నడక. పెళ్లి అంటే ప్రైవేటు వేడుక, పాటల జాబితాకి అనుమతి అక్కర్లేదు. అదీ ఎప్పుడూ పారలేదు. 1974 మార్చి 30న చెస్కె బుదెయొవిత్సె దగ్గర రుదొల్ఫొవ్‌లో ప్లాస్టిక్ పీపుల్ వాయించకముందే పోలీసులు కుక్కలతో వచ్చి జనాన్ని కొట్టి రైళ్లెక్కించారు. కాబట్టి 'రుదొల్ఫొవ్ 1974 లైవ్' అని ఎవరైనా బ్యాండ్ టేపు చూపిస్తే నమ్మకండి. అదే ఏడాది సెప్టెంబరు 1న పొస్తుపిత్సెలో జరిగింది మాత్రం నిజమైన కచేరీ.

అచ్చు_హల్లు:
పేర్ల గురించి. చెక్ రాత మన రాతకి దగ్గరే. అచ్చు మీద గీత ఉంటే దీర్ఘం. 'యు' మీద చిన్న సున్నా ఉన్నా దీర్ఘమే. 'జె' ని 'య' అనాలి, అందుకే యనీచెక్, యిరౌస్. 'సి' అంటే 'త్స్', బ్రబెనెత్స్. పత్రికలు 'వాక్లావ్ హావెల్' అని రాసేది నిజానికి 'వాత్స్లవ్ హవెల్'. నొక్కు ఎప్పుడూ మొదటి అక్షరం మీదే, దీర్ఘం ఎక్కడున్నా సరే.

బేస్_ముందు:
1989లో కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని దించిన వెల్వెట్ రివల్యూషన్ పేరు వెల్వెట్ అండర్‌గ్రౌండ్ నుంచి వచ్చిందని ఎవరో ఒకరు రాస్తారు, ముందే చెబుతున్నా: కాదు. రక్తం చిందకుండా మెత్తగా జరిగిందని ఆ పేరు. స్లొవాక్ భాషలో దాన్ని 'సున్నితమైన విప్లవం' అంటారు, అందులో వెల్వెటే లేదు. హావెల్ 1968లో న్యూయార్క్ నుంచి వెల్వెట్ అండర్‌గ్రౌండ్ రికార్డు తెచ్చుకున్నది మాత్రం నిజం. 1998లో చెక్ అధ్యక్షుడిగా వైట్ హౌస్‌కి వెళ్లినప్పుడు ఆ బ్యాండ్ గాయకుడు లూ రీడ్ పాడాడు, పక్కన హ్లవ్సా వాయించాడు. హ్లవ్సా 1968లో సోవియట్ ట్యాంకులు దిగిన కొద్ది వారాలకే పదిహేడేళ్ల వయసులో ప్లాస్టిక్ పీపుల్ మొదలెట్టినవాడు. 2001 జనవరి 5న పోయాడు.

వినే వరస అడిగారు కదా. బోందీతో మొదలెట్టండి. తర్వాత పాషన్ ప్లే, నా లెక్కలో ఇదే అన్నిటికన్నా గట్టిది. ఇంగ్లీషు పాటల కాలం కావాలంటే 'మూజ్ బెజ్ ఉషీ', 1969-72 నాటి లైవ్, విడుదల 2002. అది చరిత్ర కోసమే, చెవి కోసం కాదు. చెక్‌లోనే పాడాలి, సొంతవే పాడాలి అని బ్రబెనెత్స్ షరతు పెట్టి చేరకపోతే వీళ్లు మంచి నకలు బ్యాండ్‌గా మిగిలేవాళ్లు.

సన్నజాజి_ఎల్పీ:
సరిచేశాను. చివరి రెండు లైన్లు ఇలా పెట్టాను: 'పూల్నొత్స్, 1986' తర్వాత '1997 పునఃకలయిక'. సరేనా?

పాతటేపు:
మొదటిది తప్పండి. 1986 నాటి ఆల్బమ్ 'పూల్నొచ్నీ మిష్', అంటే అర్ధరాత్రి ఎలుక, విడుదల 1987. 'పూల్నొత్స్' అంటే ఉత్త అర్ధరాత్రి, అది వేరే బ్యాండ్. 1988లో ప్లాస్టిక్ పీపుల్ విడిపోయాక హ్లవ్సా, యనీచెక్, కబెష్ కలిసి పెట్టుకున్నది, 1989లో అమెరికా తిరిగొచ్చింది. రెండు లైన్లుగా విడగొట్టండి. 1997 సరే: చార్టర్ 77 ఇరవయ్యేళ్ల సందర్భం, కెనడా వలస వెళ్లిన బ్రబెనెత్స్ కూడా తిరిగొచ్చి చేరాడు. డీజీ 307 రికార్డు ఏదైనా మధ్యలో దూరి ఉంటే తీసెయ్యండి. అందులోనూ హ్లవ్సా ఉన్నాడు కాబట్టి చాలా జాబితాల్లో కలిసిపోతుంటుంది.