పసిఫిక్ దక్షిణాన ఎక్కడ ఆగుతుంది? 60 డిగ్రీల దగ్గరా, అంటార్కిటికా ఒడ్డునా?

ప్రశ్నార్థకం:
మా వాణ్ణి క్విజ్ ఫైనల్లో పసిఫిక్‌కు దక్షిణపు హద్దు ఏదని అడిగారట. "60 డిగ్రీల దక్షిణ అక్షాంశం, ఆ కిందది దక్షిణ మహాసముద్రం" అన్నాడు. తప్పన్నారు. "అంటార్కిటికా తీరం" అన్న జట్టుకు కప్పు ఇచ్చేశారు. రెండు రోజులుగా వాడు ఎవరితోనూ మాట్లాడటం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి, ఎవరిది రైటు?

పటాల_పిచ్చి:
తీర్పు సరైనదే. సముద్రాల హద్దులు ప్రకటించేది అంతర్జాతీయ హైడ్రోగ్రాఫిక్ సంస్థ. దాని హద్దుల పుస్తకం 1937 కూర్పులో దక్షిణ మహాసముద్రం ఉంది, 1953 కూర్పులో తీసేశారు. 2000లో 60 డిగ్రీల గీతతో మళ్లీ ప్రతిపాదన వచ్చింది, ఇప్పటికీ ముసాయిదాలోనే ఉంది. ముసాయిదా చూపించి కప్పు అడిగితే ఎలా?

గుడ్లగూబ:
2021 జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్లు ఐదో మహాసముద్రంగా పటాల్లో పెట్టేశారు కదండీ?

పటాల_పిచ్చి:
వాళ్ల పటం, వాళ్ల ఇష్టం.

కింది_డెక్:
నేను ఓడల్లో ఇంజినీరుని. ఒకసారి దక్షిణ అమెరికా కొనన ఉన్న హార్న్ అగ్రం నుంచి దక్షిణానికి, డ్రేక్ జలసంధి మీదుగా పోయాం. ఇంజిన్‌ని చల్లబరచడానికి సముద్రం నీళ్లే లోపలికి తోడతాం, ఆ పైపు మీద ఒక థర్మామీటరు ఉంటుంది. వాచ్ (డ్యూటీ) ఎక్కినప్పుడు ఆరు డిగ్రీలు చూపింది. నాలుగు గంటల వాచ్ దిగేసరికి మూడు. గేజ్ పాడైందేమోనని వేలితో తట్టి చూశాను. పైకి వెళ్తే ఒకటే పొగమంచు, డెక్ చివర కనబడటం లేదు. ఉత్తరపు నీళ్ల కిందికి అంటార్కిటిక్ చల్లనీళ్లు దూరిపోయే చోటు అది. అంటార్కిటికా చుట్టూ పడమర నుంచి తూర్పుకి తిరిగే ప్రవాహానికి ఎక్కడా నేల అడ్డం రాదు. సెకనుకి 13 కోట్ల ఘనపు మీటర్ల పైచిలుకు నీళ్లు, భూమ్మీది నదులన్నీ కలిపినా అందులో నూరో వంతు. అది దాటాక నీళ్లు వేరు, బతికే జీవులు వేరు. దాన్ని కూడా పసిఫిక్ అనాలంటే నాకు నోరు రాదు.

ఉప్పునీరు:
1520లో ఇప్పుడు తన పేరుతో ఉన్న జలసంధి దాటి వచ్చి "ప్రశాంతం" అని పేరు పెట్టిన మెగలాన్ 60 డిగ్రీల దాకా దిగలేదులెండి. దిగి ఉంటే వేరే పేరు పెట్టేవాడు.

పటాల_పిచ్చి:
కింది_డెక్ గారూ, గేజ్ పడినప్పుడు ఓడ ఏ అక్షాంశం మీద ఉంది?

కింది_డెక్:
57 దాటాం. ఇంకా 58 రాలేదు.

పటాల_పిచ్చి:
అంటే 60 కాదు. పైగా ఆ చల్లటి అంచు ఒక చోట నిలవదు, కొన్ని వైపుల 50 కంటే పైకి వస్తుంది. మీరు వెనకేసుకొస్తున్న 60 డిగ్రీల గీతకి, మీ గేజ్‌కి సంబంధమే లేదు. అది అంటార్కిటిక్ ఒప్పందానికి 1959లో పెట్టుకున్న గీత. ఇంకోటి. హార్న్ అగ్రం మీదుగా పోయే నిలువు గీతకి ఇటు పసిఫిక్, అటు అట్లాంటిక్. అక్కడ మీ థర్మామీటరు కదిలిందా?

కింది_డెక్:
కదల్లేదు. ఆ గీతా కాగితం మీదిదే కాబట్టి. మీ వాదన మీకే తగులుతోంది సార్.

పటాల_పిచ్చి:
ఇంజిన్ రూమ్‌లో కూర్చుని సముద్రం చూశానంటే నవ్వొస్తోంది.

కింది_డెక్:
పటం ముందు కూర్చుని చూశానంటే రాదా? మీకు ఆ నీళ్ల మీద కాదు, ఇంకెవరి మీదో కోపం ఉన్నట్టుంది.

గుడ్లగూబ:
మెల్లగా, మెల్లగా.

పటాల_పిచ్చి:
ఉంది. దాచేదేముంది. ఒక పబ్లిషర్‌కి స్కూలు అట్లాస్ గీసిచ్చాను. మీరన్నట్టే, ప్రవాహాన్ని చూసి, దక్షిణ మహాసముద్రాన్ని లేత నీలంలో వేశాను. అధికారికం కాదని 14 ప్లేట్లు (పటాల పేజీలు) వెనక్కి పంపారు. మళ్లీ గీసిన ఖర్చు నా బిల్లులోనే కోసుకున్నారు. అప్పట్నుంచి ఆమోదం లేని గీత గీయను. తేలని విషయం పిల్లల చేతికి ఇవ్వకూడదు.

కింది_డెక్:
అసలు మనకి తేడా అక్కడ. తేలలేదని చెప్పి ఇవ్వొచ్చు కదా అంటాను నేను. ఆస్ట్రేలియా వాళ్లకి తమ దక్షిణ తీరం దాటితేనే దక్షిణ మహాసముద్రం. పసిఫిక్ వైశాల్యం ఒక పుస్తకంలో 16.5 కోట్ల చదరపు కిలోమీటర్లు, ఇంకోదాంట్లో 15.5 కోట్లు. కోటి తేడా ఎక్కడిదని పిల్లాడు అడగడా?

పటాల_పిచ్చి:
అడుగుతాడు. పరీక్షలో రెండు జవాబులు రాస్తే దిద్దేవాడు ఒప్పుకోడు.

ప్రశ్నార్థకం:
ఇద్దరికీ దణ్ణం. మా వాడికి ఇదంతా చదివి వినిపించాను. గేజ్‌ని వేలితో తట్టారన్న దగ్గర నవ్వాడు. కప్పు సంగతి మాత్రం మరిచిపోలేదు.

పటాల_పిచ్చి:
కింది_డెక్ గారూ, ఆ రోజు లాగ్‌బుక్‌లో నిమిషాలు కూడా రాశారా?

కింది_డెక్:
రాశాం. 57 డిగ్రీల 40 నిమిషాలు.

పటాల_పిచ్చి:
చూశారా, 60 కాదు.