పల్చటి చెక్కకి వంపు తీయడం: ఉలా, ఆకురాయా?

కావలి కుర్రాడు
పూజ మందిరానికి ముందువైపు తోరణం ముక్కలు చేస్తున్నాం. టేకు, 8 మి.మీ. మందం, పాము మెలికలాంటి వంపు, ఆరూ ఒకేలా ఉండాలి. మిషన్ లేదు, అంతా చేతిపనే. గీతకి బయటగా రంపంతో కోసి మిగిలింది ఆకురాయితో దించమని మా మేస్త్రీ. ఉలితో తీస్తేనే అంచు నున్నగా వస్తుంది, టైమూ కలిసొస్తుంది అని నాతో పనిచేసే అన్న. ఎవరి మాట వినాలి?

ఒంగోలు వడ్రంగి
మేస్త్రీ మాటే విను తమ్ముడూ. అంత పల్చటి చెక్కలో వంపు తిరిగే చోట నార (చెక్కలోని పోగు) పొట్టిగా తెగి ఉంటుంది, దానికి బలముండదు. ఎదురు నారలో ఉలి దిగిందంటే చీలిక గీత దాటి లోపలికి పోతుంది. ఆకురాయి నిదానం, కానీ చెక్కని చీల్చదు.

కందుకూరు చెక్కపని
అన్నా, చీల్చకపోవచ్చు గానీ అవతలి ముఖం మీద అంచు పెచ్చులు లేపుతుంది. 8 మి.మీ. మందానికి ఆ పెచ్చు చాలా పెద్ద దెబ్బ. నా లెక్కలో ఏ పనిముట్టు అన్నది తర్వాతి మాట, ముందు ముక్కకి వెనక దన్ను ఉండాలి.

తమ్ముడూ, ఆరింటినీ విడివిడిగా ముట్టుకోవద్దు. ముక్కల మధ్య న్యూస్‌పేపర్ పెట్టి ఫెవికాల్‌తో అతికించు, రెండు పక్కలా ఒక్కో వేస్టు చెక్క వేసి వైస్‌లో బిగించు. ఇప్పుడు నీ చేతిలో ఉన్నది, వేస్టు చెక్కలు కాకుండానే దాదాపు 5 సెం.మీ. మందమున్న దిమ్మ. ఉలి పక్కకి ఒరగదు, పెచ్చు లేచినా వేస్టు చెక్కకే లేస్తుంది. పల్లం వచ్చే చోట వేలెడు ఎడంతో గీతకి కాస్త ముందుదాకా రంపం గాట్లు పెట్టు. మధ్య ముక్కలు ఉలితో తడితే ఊడొస్తాయి. తర్వాత ఉలి ఎప్పుడూ మిట్ట మీంచి పల్లంలోకే నడవాలి. అడుగుకి చేరగానే ఆపి, అవతలి మిట్ట నుంచి మళ్లీ రావాలి. ఒకే ఊపున పల్లం దాటి ఎక్కిస్తే నార ఎదురొస్తుంది, ఒంగోలు అన్న చెప్పిన చీలిక అక్కడే మొదలవుతుంది. ఆకురాయికి పని గీత మీద మిగిలే ఆ చివరి పొరకే. అంతా అయ్యాక పేపరు దగ్గర ఉలి మొన ఆనించి మెల్లగా తడితే ముక్కలు విడిపోతాయి.

ఉదయగిరి వాసి
ఆకురాయిని అంత తక్కువ చేయకండి. 2015లో జీఐ (ఫలానా ఊరి సరుకని చెప్పే) గుర్తింపు వచ్చిన మా ఊరి చెక్క స్పూన్లు, ఫోర్కులు చూడండి. ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు. ఫోర్కు పళ్ల సందుల్లో ఉలి ఎక్కడ తిప్పుతారు? స్పూను గుంట, కాడ, మెడ మూడు వైపులా వంపులే. జతగా అతికించే వీలూ లేదు.

కందుకూరు చెక్కపని
నిజమే అండీ, స్పూనుకి నా పద్ధతి కుదరదు. ఆ మెడ దగ్గర వంపు చేత్తో తడుముకుంటూ దించాల్సిందే, అది పెద్ద విద్య. ఇక్కడ మాత్రం వంపు ఒక్క అంచుకే, ముఖాలు సమతలం. అందుకే జత కట్టమన్నాను.

ఒంగోలు వడ్రంగి
జత కట్టే మాట ఒప్పుకుంటాను. అందులో ఒక ప్రమాదం ఉంది. చేయి ఒక పక్కకి వాలితే మొదటి ముక్కకీ ఆరో ముక్కకీ వంపు తేడా వస్తుంది, విడదీసేదాకా తెలియదు. మధ్యమధ్యలో మూలమట్టం ఆనించి చూడు. గీత రెండు వైపులా గీసుకో. ఆకురాయి అడ్డంగా కాకుండా ఏటవాలుగా, వంపు వెంట జరుపుతూ తోయి, గుంటలు పడవు. పల్లంలో గుండ్రటి వైపు, మిట్ట మీద చదును వైపు వాడు. పళ్లలో పొట్టు ఇరుక్కుంటే తీగ బ్రష్షుతో దులుపు. ఉప్పు కాగితం (గరుకు కాగితం) వేళ్లతో పట్టుకుంటే అంచు పదును పోతుంది, పైపు ముక్కకి చుట్టి రుద్దు.

ఇంకొకటి, తోరణం కొన దగ్గర మాత్రం జత కట్టినా సరే ఉలి పెట్టనివ్వను. అక్కడ నార వేలెడు కూడా ఉండదు.

కందుకూరు చెక్కపని
పదును బాగుంటే, కొన నుంచి బయటికి కాకుండా లోపలికి కోస్తే ఏమీ కాదన్నా. నేను అలాగే తీస్తున్నా.

ఒంగోలు వడ్రంగి
నీ చేతికి ఏమీ కాదు. అడిగింది నేర్చుకునే కుర్రాడు. కొనకి ఆకురాయే.