చర్చ: ఎథిక్స్ క్లాసులో పిల్లలకు కోపం, బాధ కలిగించాలా?

హన్మకొండ_మేడం: ఎంబీఏ వాళ్లకు బిజినెస్ ఎథిక్స్ చెప్తాను. సత్యం కంప్యూటర్స్ కేసులో మోసం ఒప్పుకుంటూ రామలింగరాజు రాసిన 2009 జనవరి 7 నాటి లేఖ, ఖాతాల్లో చూపించిన లేని 5,040 కోట్లు, అన్నీ చెప్పాను. రాసుకుని వెళ్లిపోయారు, ఒక్కరి ముఖంలోనూ చలనం లేదు. 2002లో మూతపడ్డ మన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు కార్మికులను పిలిచి మాట్లాడిద్దామనుకుంటున్నాను. అది పాఠం అవుతుందా? మార్కులెలా వేయాలి?

కాజీపేట_హెచ్ఆర్: తప్పకుండా పిలవండి. ఉద్యోగం పోయిందని ఎదురుగా కూర్చున్న మనిషికి ఎలా చెప్పాలో నాకు ఏ కాలేజీలోనూ నేర్పలేదు.

ఎనుమాముల_బిడ్డ: మిల్లు దాకా ఎందుకు మేడం? సీజన్‌లో మా మిర్చి యార్డుకు తీసుకురండి. తేమ ఉందని ధర తగ్గిస్తారు, పైగా తరుగంటూ తూకంలో కొంత తీసేస్తారు. రైతు కళ్ల ముందే కోత.

అడ్తి_ఇంటివాణ్ణి: అందరినీ ఒకే గాటన కట్టకు తమ్మీ. తేమ సరుకు కోల్డ్ స్టోరేజీలో బూజు పడితే మునిగేదెవరు? విత్తనం నుంచి కోత కూలీ దాకా పెట్టుబడి మేమే, అంటే కమీషన్ మీద పంట అమ్మిపెట్టే అడ్తిదారులమే ఇస్తాం.

ఎనుమాముల_బిడ్డ: ఇచ్చారు కాబట్టే పంట మీకే తేవాలి. బేరమాడే దారి అక్కడే మూసుకుపోయింది. వడ్డీ మాట ఎందుకు రాయలేదన్నా?

అడ్తి_ఇంటివాణ్ణి: కౌలు రైతుకు బ్యాంకు గడప ఎక్కడమే కష్టం. అర్ధరాత్రి ఫోన్ చేస్తే డబ్బిచ్చేది ఎవరు? నోరుంది కదా అని మాట్లాడొద్దు.

పరిశోధకుడు_కేయూ: నైతిక నిర్ణయాల మీదే నా పీహెచ్‌డీ, కాబట్టి చెప్తున్నాను. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జోనథన్ హైట్ 2001లో వాదించింది ఇదే: తప్పు, ఒప్పు అనే తీర్పు ముందు తటాలున పుడుతుంది, కారణాలు తర్వాత వెతుక్కుంటాం. మీ ఇద్దరి మధ్య జరుగుతున్నదీ అదే. మేడం, కోపం తెప్పించి వదిలేయకండి. ఎవరి మీద కోపం, ఎందుకు, మీరైతే ఏం చేసేవారు అని రాయించండి. ఆ రాతకే మార్కులు.

ఎనుమాముల_బిడ్డ: పీహెచ్‌డీ సరే సార్, కాంటా దగ్గర ఎప్పుడైనా నిలబడ్డారా?

ఎంబీఏ_నర్సంపేట: మేడం, ఏడుపుకు మార్కులంటే అందరం ఏడుస్తాం. మాలో చాలామంది మిర్చి రైతుల పిల్లలమే. మాకు అడ్తిదారు పాత్ర ఇచ్చి, తరుగు ఎంత తీస్తావో రైతు ముఖం చూసి చెప్పమనండి. మా నాన్న వయసు మనిషి ఎదురుగా ఉంటే నోరు పెగలదు.

హన్మకొండ_మేడం: ఇది చేయిస్తాను. అడ్తి అన్న కూడా వస్తే బాగుంటుంది.

అడ్తి_ఇంటివాణ్ణి: వస్తాను, కానీ నన్ను దొంగలా నిలబెట్టొద్దు. లెక్కల పుస్తకం కూడా తెస్తాను.

ఎనుమాముల_బిడ్డ: వడ్డీ పేజీ కూడా తెరవాలి మరి.

పరకాల_రైతు: అన్నా, ఇంతకీ కోల్డ్ స్టోరేజీలో చోటుందా? మావి ఇంకా కల్లంలోనే ఉన్నాయి, మబ్బు పట్టింది.