సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 3 తీసుకోనా, కానన్ జీ7ఎక్స్ మార్క్ 2 తీసుకోనా? గచ్చుపని ఫొటోల కోసం

అంబర్‌పేట టీచర్:

అందరికీ నమస్కారం. నేను డ్రాయింగ్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. పాత కట్టడాల మీది గచ్చుపని (సున్నపు గచ్చుతో చేసిన లతలు, నగిషీ), రాతి జాలీలు, చెక్క తలుపుల నగిషీ చూసి పెన్సిల్‌తో గీయడమంటే నాకు ప్రాణం. ఇదివరకు అక్కడే అరుగు మీద కూర్చుని గీసేదాన్ని. ఇప్పుడు నడుము ఒప్పుకోవడం లేదు. అందుకని ఫొటో తీసుకొచ్చి, ఏ4 సైజులో ప్రింటు వేయించుకుని ఇంట్లో గీస్తున్నాను.

ఇన్నాళ్లూ ఫోనుతోనే నెట్టుకొచ్చాను. దాంతో చిక్కేమిటంటే అది నీడల్ని ఉండనివ్వదు. గచ్చు లతలో ఆకు ఎక్కడ పైకి లేచింది, ఎక్కడ గోడలోకి దిగింది అన్నది ఆ సన్నటి నీడ చూస్తేనే తెలుస్తుంది. ఫోను ఆ నీడని తెల్లగా లేపేసి, అంచుల్ని మాత్రం చిక్కగా చేసి చూపిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, గీయడానికి పనికిరాదు.

పెద్ద కెమెరా వద్దు. అది భుజాన వేసుకుని పాతబస్తీ గల్లీల్లో తిరగడం నావల్ల కాదు. పైగా అది చూడగానే గేటు దగ్గర ఆపి, ఏ పేపరు, ఏ ఛానల్ అని అడుగుతారు. హ్యాండ్‌బ్యాగులో పట్టేది కావాలి.

మొన్న కోఠి గుజరాతీ గల్లీలో ఒక షాపుకెళ్తే సెకండ్ హ్యాండ్‌వి రెండు చూపించారు. ఒకటి 2014లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 3, రెండోది 2016లో వచ్చిన కానన్ జీ7ఎక్స్ మార్క్ 2. కానన్‌కి 8 వేలు ఎక్కువ చెప్పారు. వీడియోలు తీసే పిల్లలు దాన్నే అడుగుతున్నారట. చదివితే రెండింటికీ ఒక అంగుళం సెన్సరే, 20 మెగాపిక్సెళ్లే, లెన్సు ఎఫ్1.8 నుంచి 2.8 (ఈ అంకె ఎంత చిన్నదైతే అంత వెలుతురు లోపలికి వస్తుందట). జూమ్ మాత్రం (మిల్లీమీటర్లలో, అంకె పెరిగేకొద్దీ దూరానివి దగ్గరగా వస్తాయి) సోనీది 24–70, కానన్‌ది 24–100. లెక్కల్లో చూస్తే కానన్‌దే పైచేయి.

నేను ఎక్కువగా తీసేవి సంతోష్‌నగర్ దగ్గరి పైగా వంశపు నవాబుల సమాధుల జాలీలు, కార్వాన్‌లో 1671 నాటి టోలీ మసీదు గచ్చుపని, అక్కడివాళ్లు ఒప్పుకున్నప్పుడు, మొహర్రంలో పీర్లు నిలిపే బాద్‌షాహీ అషూర్‌ఖానా గోడల మీది రంగు పలకలు. ఆ అషూర్‌ఖానాలో 1908 మూసీ వరదకి పాడైన చోట తర్వాత రంగుపూతతో పూరించారు. అసలు పలకకీ ఆ పూతకీ తేడా నా బొమ్మలో తెలియాలని ఎప్పటి నుంచో కోరిక. లోపల వెలుతురు తక్కువ. రెండూ వాడినవాళ్లు ఉంటే చెప్పండి.

టోలిచౌకి కుర్రాడు:

మేడమ్, కళ్లు మూసుకుని కానన్ తీసుకోండి. నేను వాడుతున్నా. టచ్ స్క్రీన్ ఉంది, ఎక్కడ వేలు పెడితే అక్కడ ఫోకస్. సోనీ మార్క్ 3కి టచ్ లేదు. కానన్‌కి ముందు గ్రిప్ ఉంది, సోనీ చేతిలో సబ్బుబిళ్లలా జారుతుంది. మీరు గోడల పైభాగాలు కూడా తీస్తారు కాబట్టి 100 ఉండాల్సిందే. 8 వేలు ఎక్కువైనా తర్వాత అమ్ముకుంటే మళ్లీ వచ్చేస్తాయి, దానికి గిరాకీ అలా ఉంది.

నారాయణగూడ స్టూడియో:

టీచరమ్మా, నమస్తే. మా స్టూడియోల సోనీ ఉండె, మా అల్లుని దగ్గర కానన్ ఉన్నది. రెండూ మంచిగ వాడిన. తమ్ముడు చెప్పిన గ్రిప్ మాట నిజమే. కానీ జూమ్ సంగతి వేరే తీరుగ చూడాలె.

70 దగ్గర తీసిన ఫొటోను 100తోని తీసినట్టు కనబడేదాక కత్తిరిస్తే సగం మిగుల్తది. అంటే 20 మెగాపిక్సెళ్లల 10కి జర తక్కువ. ఏ4 కాగితం మీద నాణ్యంగ ప్రింటు కొట్టాల్నంటే 9 ఉంటే సాలు. మీరు ఏ4 కంటే పెద్దగ ఏస్తలేరు గదా, ఇగ ఆ 30 మిల్లీమీటర్ల కోసం పరేషాన్ గాకుండ్రి. టోలీ మసీదు మినార్ల మీద పైన ఉన్న పని గావాల్నంటే 70 సాలదు, 100 గూడ సాలదు. దానికి పానాసోనిక్ టీజెడ్100 అసొంటిది గావాలె, 250 దాక పోతది. అయితే ఆ కొసకు పోయినంక లెన్సు ఎఫ్5.9 అయితది. అషూర్‌ఖానాల గది నడువది.

ఇగ అసలు ముచ్చట. మీరు రిటైరయిన అన్నరు. చత్వారం అద్దాలు ఉన్నయా? ఉంటే నా మాట ఇనుండ్రి, మెగాపిక్సెళ్లు ఇడిచిపెట్టి మీ కండ్లను చూస్కొని కొనుండ్రి.

కానన్ దాంట్ల కంటికి పెట్టుకొని చూసే వ్యూఫైండర్ లేదు. అంతా ఎనుకటి స్క్రీనే. పైగా సమాధుల కాడ పగటి ఎండల తెల్ల గచ్చు ముంగట నిలబడితే ఆ స్క్రీన్ మీద మీకు మీ మొకమే కనబడ్తది. దానికితోడు చత్వారం. స్క్రీన్ చూడనీకి అద్దాలు పెట్టుకోవాలె, జాలీ చూడనీకి తియ్యాలె. ఇట్ల పెట్టుకుంట తీసుకుంట ఉంటే ఫోకస్ ఆకు మీద కూసున్నదా, ఎనుక గోడ మీద కూసున్నదా తెల్వనే తెల్వదు. ఇంటికి పోయి చూసేదాక నమ్మకముండది. నేను గీ వయసుకు వచ్చినంక స్క్రీన్ ఒక్కటే ఉన్న కెమెరా ముట్టుడే బంద్ జేసిన.

సోనీ మార్క్ 3కి ఎడమ పక్కన సన్న మీట ఉంటది. కిందికి గుంజితే పైన చిన్న డబ్బా లేస్తది. దాని అద్దం భాగాన్ని మీ దిక్కు ఏలుతోని గుంజాలె, అప్పుడే బొమ్మ సాఫ్ అయితది. దాని నెత్తి మీద ఇంకో చిన్న మీట ఉంటది, అది మీ అద్దాల పవర్‌కు సరిజేసేటిది. లోపలి అక్షరాలు నల్లగ స్పష్టంగ కనబడేదాక జరిపి ఇడిచిపెట్టుండ్రి. ఇగ చత్వారం అద్దాలు సంచిల ఉన్నా ఫికర్ లేదు. ఒక్కటి యాదికుంచుకోండ్రి, ఆ డబ్బాను కిందికి ఒత్తితే కెమెరానే బంద్ అయితది. చెడిపోయిందని గాబరా పడకుండ్రి, దాని తీరే గంత.

టోలిచౌకి కుర్రాడు:

అన్నా, వ్యూఫైండర్ సంగతి నేను ఆలోచించలేదు, నాకు ఆ అవసరం రాలేదు. అది ఒప్పుకుంటా. కానీ జాలీల దగ్గర టచ్ చాలా ముఖ్యం. జాలీ రంధ్రాల్లోంచి ఫోకస్ వెనక్కి పారిపోతుంది. కానన్‌లో అయితే రాతి మీద వేలు పెడితే అక్కడే ఆగుతుంది. ఇంకోటి, కానన్‌కి పైన ఎక్స్‌పోజర్ (ఫొటో వెలుగు) తిప్పే చక్రం విడిగా ఉంది. తెల్ల గచ్చుకి అది రోజూ పనికొచ్చేదే.

నారాయణగూడ స్టూడియో:

తమ్ముడూ, ఆ చక్రం మాట నిజం. అది సోనీల కూడ ఉంటే మస్తుండు. సోనీల ఎనుక గుండ్రటి బటన్ కిందికి ఒత్తి తిప్పాలె, రెండు పనులు.

ఫోకస్‌కు మాత్రం తొవ్వ ఉన్నది. ఫోకస్ ఏరియాల ఫ్లెక్సిబుల్ స్పాట్ పెట్టి, దాని సైజు చిన్నగ జేసి, రాయి మీదికి జరుపాలె. నిమ్మళంగ నిలబడి తీసేటోళ్లకు గది సాలు. జాలీ యాడికి పోతది, మనకోసం ఆడ్నే ఉంటది. పిల్లలు ఉరికేటియి తీసుడయితే నేను గూడ టచ్చే గావాలె అంటుంటి.

టీచరమ్మా, మీ నీడల ముచ్చట నాకు శాన నచ్చింది. సోనీల డీఆర్‌ఓ అని ఒకటుంటది. మొదాలే ఆటోల పెట్టి ఇస్తరు. అది గూడ ఫోను లెక్కనే నీడను లేపుతది. మెనూల పోయి ఆఫ్ జేయుండ్రి. క్రియేటివ్ స్టైల్‌ల షార్ప్‌నెస్ జర తగ్గించుకోండ్రి, అంచులు మెత్తగ, ఉన్నయి ఉన్నట్టు వస్తయి. ఎక్స్‌పోజర్ జర తగ్గించి తీస్తే తెల్ల గచ్చు కాలిపోకుంట ఉంటది. పగలు నడినెత్తిన ఎండ ఉంటే గచ్చు చప్పగ కనబడ్తది, ఎలుగు పక్క నుంచి గోడను రాసుకుంట పోయే యాళ్లకు పోవాలె. ఆ గోడకు పొద్దుగాల ఎండ పడ్తదా, మాపటికి పడ్తదా ముందే చూస్కోండ్రి. మీరు గీసేటోళ్లు, గిది నాకంటె మీకే ఎర్క.

అంబర్‌పేట టీచర్:

అయ్యా, మీరు చెప్పింది అక్షరాలా నా పరిస్థితే. దగ్గరి చూపుకి నాకు ప్లస్ 2 అద్దాలు. ఫోను ఎండలో పట్టుకుని అద్దాలు పెట్టుకుంటూ తీస్తూ విసిగిపోయేదాన్ని. షాపులో స్క్రీన్ బాగానే కనిపించింది, నీడలో ఉన్నాం కదా. అబ్బాయి చెప్పిన చక్రం కూడా ఆశగానే ఉంది గానీ, కంటికి కనిపించడం ముందు. సోనీ వైపే మొగ్గుతున్నాను.

ఇంకో రెండు అడుగుతాను. తలుపుల ఫొటోల్లో చివర్లు సాగినట్టు వస్తున్నాయి, ఫోనులోనూ అంతే. ఇందులో కూడా 24 దగ్గర అలాగే వస్తుందా? షాపులో కొనేముందు ఏం చూసుకోవాలి?

నారాయణగూడ స్టూడియో:

24 దగ్గర ఏ కెమెరాతోని తీసినా ఫ్రేము అంచులకు ఉన్నయి సాగుతయి. తలుపుకు ఎదురుంగ, నడిమిట్ల నిలబడి, ఎనుకకు నడిచి, జూమ్ 50 దగ్గర పెట్టి తీయుండ్రి. స్క్రీన్ మీద గ్రిడ్ గీతలు పెట్టుకొని ద్వారబంధాన్ని గీతకు సరిగ్గ ఆనియ్యాలె. కెమెరా పైకి ఎత్తినరంటే నిలువు గీతలన్ని లోపలికి వాలుతయి, గది బొమ్మల గూడ వస్తది.

అషూర్‌ఖానాల మాత్రం రివర్స్. ఈ సోనీ లెన్సు ఎఫ్1.8 అన్నది 24 దగ్గరనే, జూమ్ జర కదిపితే 2.8కు పోతది. కానన్ ఇంత జల్ది పోదు, అక్కడ దానికే మార్కు. చీకట్ల 24 మీదనే ఉంచి, మోచేతులు కంభానికి ఆనిచ్చి, రెండు సెకండ్ల టైమర్ పెట్టి తీయుండ్రి. పలక ఫ్రేము నడిమిట్ల ఉండాలె, అంచులకు కాదు. ఫ్లాష్ అసలు వద్దు, పలకల మీద మెరుపే పడ్తది. పలకకు పూతకు తేడా దొరకాల్నంటే అదే ఎలుగుల ఒక తెల్ల కాగితం పెట్టి కస్టమ్ వైట్ బ్యాలెన్స్ తీసుకోండ్రి, అంటే ఆడ తెలుపు ఏదో కెమెరాకు చూపెట్టుడు. ఆటోల ఉంచితే ఒక్కో ఫొటోకు ఒక్కో రంగు ఇస్తది.

షాపుల చూసేటియి. దినపత్రిక ఒకటి ఎంట తీస్కపోయి గోడకు చదునుగ అంటించి, ఎదురుంగ నిలబడి, 24 దగ్గర ఒకటి, 70 దగ్గర ఒకటి తీయుండ్రి. స్క్రీన్ మీద పెద్దగ జేసి నాలుగు మూలల అక్షరాలు సదువుండ్రి. మూడు మూలలు సాఫ్ ఉండి ఒక్క మూల మసక ఉన్నదంటే లెన్సు కిందపడ్డదని అనుమానించాలె. మీ పనికి అది అసలు పనికిరాదు. తర్వాత బయటికొచ్చి ఎఫ్11 పెట్టి ఉత్త ఆకాశం తీయుండ్రి. నల్ల మచ్చలు కనబడ్తే సెన్సర్ మీద దుమ్ము. ఈ కెమెరాల లెన్సు ఊడది గాబట్టి ఇంట్ల తుడుసుకునేది లేదు, రిపేరు షాపుల ఇప్పి తుడిపించుడే. వ్యూఫైండర్ పదిసార్లు లేపి దించుండ్రి, ఎక్కడన్న పట్టుకుంటే వద్దనుండ్రి. ఫ్లాష్ లేస్తదా చూడుండ్రి. ఆన్ జేసినప్పుడు లెన్సు గరగర సప్పుడు రావొద్దు.

సరూర్‌నగర్ సుభాషిణి:

టీచర్ గారూ, అక్కడ కెమెరా దొరికాక ఇంట్లో దాచుకునే సంగతి నేను చెప్తాను. మన దగ్గర వానాకాలంలో లెన్సు లోపల బూజు పడుతుంది. తోలు సంచిలో పెట్టి బీరువాలో పెడితే ఇంకా తొందరగా పడుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి, గుళికల రంగు మారితే మార్చండి. వాడకుండా నెలల తరబడి ఉంచకండి. బ్యాటరీ ఎన్‌పీ-బీఎక్స్1, రెండోది కొనుక్కోండి. కంపెనీ లెక్కలో ఒక చార్జికి 320 ఫొటోలు, కానన్‌కి 265. వ్యూఫైండర్ వాడుతూ ఉంటే 320 రావు. చౌక రకం బ్యాటరీ ఉబ్బితే లోపలే ఇరుక్కుంటుంది, కాబట్టి నమ్మకమైనదే తీసుకోండి.

అంబర్‌పేట టీచర్:

ఈ రోజు మళ్లీ గుజరాతీ గల్లీ వెళ్లొచ్చాను. పేపరు పట్టుకుని వెళ్తే షాపాయన నవ్వలేదు, తనే సెల్లోటేపు ఇచ్చి షట్టర్ మీద అంటించాడు. నాకు మొదట చూపించిన సోనీలో కింద కుడి మూల అక్షరాలు 24 దగ్గర మసకగా వచ్చాయి, పైన ఎడమ మూల స్పష్టంగా ఉంది. అది పక్కన పెట్టించాను. లోపల ఇంకొకటి ఉందని తీశాడు. దాని ఒంటి మీద గీతలు ఎక్కువ, అట్ట పెట్టె లేదు, కానీ నాలుగు మూలలా చిన్న ప్రకటనల అక్షరాలు కూడా చదవగలిగాను. ఆకాశంలో మచ్చలేమీ లేవు. వ్యూఫైండర్ మీట మెల్లగా జరుపుతుంటే అంకెలు ఒక్కసారిగా నిలిచాయి, అద్దాలు లేకుండానే.

అదే తీసుకున్నాను. పెట్టె లేదని వెయ్యి తగ్గించాడు, ఆ డబ్బు పెట్టి రెండో బ్యాటరీ కొన్నాను. చార్జింగ్ మామూలు మైక్రో యూఎస్‌బీతో కెమెరాలోనే ఎక్కుతోంది. డీఆర్‌ఓ ఆఫ్ చేశాను. స్టూడియో వారూ, క్రియేటివ్ స్టైల్‌లో కాంట్రాస్ట్‌ని కూడా కదపాలా, అలాగే ఉంచాలా?

నారాయణగూడ స్టూడియో:

ఉంచుండ్రి. ముందు పైగా సమాధుల కాడ సాయంత్రం ఎండల తీసి ప్రింటు కొట్టించి చూడుండ్రి. నీడలు మరీ నల్లగ వస్తే ఒక గీత తగ్గించుండ్రి. ప్రింటు కొట్టే షాపోనికి మాత్రం ఆటో కరెక్షన్ ఏయొద్దని ముందే చెప్పాలె, లేకుంటే మీరు తీసిందంతా వాడు మళ్ల తెల్లగ జేస్తడు.