‘టెయిల్’ తోకా, కొసా?

బ్రాడీపేట నుంచి ప్రశ్న: వచ్చే వారం మా గుంటూరులో డిగ్రీ పిల్లలకి నక్షత్రాల గురించి తెలుగులోనే చెప్పాలండీ. ఒక్క మాట దగ్గర బండి ఆగింది. సూర్యుడి నడిబొడ్డున వేడి సుమారు 1.5 కోట్ల డిగ్రీలు. ప్రోటాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కదా, ఆ గోడ దూకి కలవాలంటే మామూలు లెక్కన వెయ్యి కోట్ల డిగ్రీలైనా కావాలి. అవి గోడ దూకవు, కన్నం వేసి దూరతాయి. అదీ అన్నిటికీ చేతకాదు. సగటుకి మించి బాగా వడిగా పోయే గుప్పెడు ప్రోటాన్లకే సాధ్యం. ఏ శక్తితో ఎన్ని ప్రోటాన్లున్నాయో చూపే గ్రాఫులో కుడివైపు సన్నబడుతూ పోయే ఆ భాగమే ‘టెయిల్’. ‘పుచ్ఛం’ అంటే పిల్లలు నవ్వుతారు. మరేమనాలి?

బెంజి సర్కిల్: తోకే అనండి. తోకచుక్క అని ఏనాడో అన్నాం.

అరండల్‌పేట: నా ఓటు ‘కొస’కి, మాస్టారూ. సూర్యుడు వెలిగేదే ఆ కొసనున్న ప్రోటాన్ల పుణ్యాన. ‘కొసమెరుపు’ ఇంత అక్షరాలా సరిపోయే చోటు ఇంకోటుందా?

బ్రాడీపేట: ముచ్చటగా ఉందమ్మా. కానీ కొస అంటే అయిపోయే చోటు. ఆ గ్రాఫు గీయడానికి వాడే బోల్ట్జ్‌మన్ లెక్కలో ఆ గీత సున్నాకి దగ్గరవుతూనే ఉంటుంది, తాకదు.

బెంజి సర్కిల్: తాకే లెక్క కూడా ఉందండీ. 1988లో త్సాలిస్ అనే భౌతిక శాస్త్రవేత్త ఆ పాత లెక్కని సాగదీసి ‘క్యూ’ అనే అంకె చేర్చాడు. (మా బెజవాడ పిల్లలైతే కొండ మీద దర్శనం వరుస అనుకుంటారు!) క్యూ 1 అయితే పాత లెక్కే. 1 దాటితే గీత నిదానంగా సన్నబడుతుంది, వడిగలవి పెరుగుతాయి, తక్కువ వేడికే సంలీనం (ప్రోటాన్లు కలిసిపోవడం, అదే ‘ఫ్యూజన్’) సాగుతుంది. 1కి తగ్గితే ఒక శక్తి దగ్గర గీత ఠక్కున తెగుతుంది. ఆ పైన ఒక్క ప్రోటానూ ఉండదు. అంతే సంలీనం జరగాలంటే వేడి పెరగాలి. మొదటిది అచ్చంగా తోక, రెండోది అచ్చంగా కొస.

అరండల్‌పేట: మరి మన సూర్యుడిది?

బెంజి సర్కిల్: సూర్యుడి కంపనాలు, అక్కణ్ణుంచి వచ్చే న్యూట్రినోలనే అతి తేలికైన కణాలు కొలిచాక తేలింది, క్యూ 1కి అతి దగ్గర్లోనే ఉండాలని. కాబట్టి తోకే.

బ్రాడీపేట: సరే, తోకే రాసుకుంటా. కొసమెరుపు మాత్రం అమ్మాయి దగ్గర బదులు తీసుకుంటున్నా. అన్నట్టు, అంత నెట్టుకునే వాటి కలయికకి ‘సంలీనం’ మరీ వెన్న కరిగినట్టు లేదూ?