ఫాస్ట్ అంటే గట్టిదనమా, వేగమా? సుమతి పద్యంలో లావు సంగతేంటి?

జయనగర్: మన బెంగళూరు చిక్‌పేటలో చీర చూస్తుంటే షాపతను "ఫాస్ట్ కలర్ అమ్మా, ఎన్నిసార్లు ఉతికినా పోదు" అన్నాడు. అప్పట్నుంచీ ఒకటే ఆలోచన. రంగు దిగకపోతే ఫాస్ట్, మనిషి పరిగెడితే ఫాస్ట్, ఏకాదశినాడు తినకుండా ఉంటే ఫాస్ట్, ఒళ్ళు తెలీకుండా నిద్రపోతే ఫాస్ట్ అస్లీప్. అంతా ఒకే మాటా? మన లావు కూడా ఇలాగే అర్థం మారిందని ఒక సుమతి పద్యం గుర్తొస్తోంది, "లావైనవాని కంటెను..." తర్వాతి పాదం రావట్లేదు.

యలహంక: ఒకే మాటే అక్కా. పాత ఇంగ్లిష్‌లో దానర్థం గట్టిగా, కదలకుండా అని. ఫాసెన్ అంటే బిగించడం, స్టెడ్‌ఫాస్ట్ అంటే చలించని, రెంటిలోనూ అదే ఉంది. ఉపవాసమూ నియమాన్ని పట్టుకుని ఉండడమే, మనం నోము పట్టామంటాం చూడండి. బ్రేక్‌ఫాస్ట్ అంటే పారణ. గట్టిగా పట్టు, గట్టిగా కొట్టు, గట్టిగా పరిగెత్తు అంటూ అంటూ వేగంలోకి వచ్చింది.

బసవనగుడి: ఇంగ్లిష్ సరే, పద్యం "లావుగలవాని కంటెను" అమ్మా. రెండో పాదం "భావింపఁగ నీతిపరుఁడు బలవంతుండౌ". లావు అంటే బలమని ఆ పాదమే చెబుతోంది.

వైట్‌ఫీల్డ్: లావుగ-లవాని-కంటెను అన్నా, లావై-నవాని-కంటెను అన్నా నాలుగేసి మాత్రలే కదండీ. ప్రాసకీ ఢోకా లేదు. పైగా మూడో పాదంలో "గ్రావంబంత గజంబును" అన్నాడు, కొండంత ఏనుగు. ఆకారం కూడా కవి మనసులో ఉందనే నాకనిపిస్తోంది.

బసవనగుడి: గణాలు కుదిరితే చాలదు. ఒళ్ళున్నవాణ్ణి లావుగలవాడు అని ఎవరంటారు? పోతన గజేంద్రుడు "లా వొక్కింతయు లేదు" అన్నప్పుడు చిక్కిపోయానని కాదుగా చెప్పింది. ఆ పద్యంలో ముందు బలం పోతుంది, తర్వాత ధైర్యం, తర్వాత ప్రాణాలు ఠావులు తప్పుతాయి, మూర్ఛ, ఒళ్ళు డస్సిపోవడం, అన్నీ అయ్యాకే "నీవే తప్ప" వస్తుంది. "రావే యీశ్వర" దగ్గర నాకిప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

యలహంక: పోతన దగ్గరికి వెళ్తే మీరిక వెనక్కి రారు మాస్టారూ. బలం వేగమైన మాట మనకీ ఉంది, జోరు. పారశీకంలో బలమనే అర్థం. మనం బండి జోరుగా పోతోందంటాం, కన్నడంలోనూ జోరాగి అంటారు.

వైట్‌ఫీల్డ్: అది అరువు మాట. అచ్చ తెలుగులో చూపించండి.

యలహంక: గట్టిగా ఉందిగా! చిక్‌పేట నుంచి మెజెస్టిక్‌కి గట్టిగా నడిస్తే పావుగంట అనమా?

బసవనగుడి: అక్కడ గట్టిగా అంటే శక్తికొద్దీ అని. వేగం కాదు.

యలహంక: శక్తికొద్దీ నడిస్తే త్వరగానే చేరతాం కదా మాస్టారూ, ఇంగ్లిష్ మాట జారింది సరిగ్గా అక్కడే.

బసవనగుడి: ఒప్పుకోను. గట్టిగా అన్నది వేగానికి వాడిన పాత పద్యం ఏదైనా ఉంటే పెట్టు, నాలుగు పాదాలూ పెట్టు.