గంగమ్మ జాతర వేషాలను పసిపిల్లలు నిజమని నమ్మితే మనం దిద్దాలా?

కొర్లగుంట వాసి:
తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మా తమ్ముడు మొక్కు తీర్చుకోవడానికి చీర కట్టుకుని, సవరం పెట్టుకుని, పూలు ముడుచుకుని ఆడవేషం వేశాడు. నాలుగేళ్ల మా అబ్బాయి వాడి దగ్గరికి వెళ్లకుండా, ‘ఈ అక్క బాబాయిని ఏం చేసింది?’ అని ఏడ్చాడు. మా అమ్మ మాత్రం గంగమ్మ తల్లే వచ్చిందని చెప్పి వాడి చేత దణ్ణం పెట్టించింది. అలా చెప్పవచ్చా, లేక అది వేషమేనని విడమరచి చెప్పాలా?

సత్యశోధిని:
చెప్పి తీరాలండీ. ఒంటినిండా రంగులు పులుముకున్నవారిని చూసి బెదిరిన పిల్లలు నిద్రలో ఉలిక్కిపడుతుంటే, దానికి దేవత పేరు పెట్టడం పెద్దల సౌకర్యానికే గాని పిల్లల మేలుకు కాదు. వాడి ఎదుటే సవరం తీసి చూపిస్తే సరిపోతుంది.

చిత్తూరు పంతులు:
అంత సులభం కాదు. అమెరికా పరిశోధకురాలు రీటా డెవ్రీస్ 1969లో ప్రచురించిన అధ్యయనంలో, మేనార్డ్ అనే సాధువైన పిల్లికి కుక్క ముసుగు తొడిగారు. అంతసేపూ దాని వెనుక భాగం పిల్లల కళ్లెదుటే ఉన్నా, మూడేళ్లవారిలో చాలామంది అది కుక్కగా మారిపోయిందనే అనుకున్నారు, ఆరేళ్లవారు మాత్రం పిల్లేనని గ్రహించారు. కనుక ఆ వయసువాడితో వాదన వృథా. వాడికి కావలసింది బాబాయి గొంతు, బాబాయి పిలిచే ముద్దుపేరు.

పైగా అన్ని వేషాలూ ఒకటి కావు. మొక్కు వేషం ఎవరైనా వేసుకోవచ్చు. జాతరలో అమ్మవారి వేషాలను ఆనవాయితీగా కట్టే కుటుంబమైన కైకాల వంశీకులు వేసే వేషాల వెనుక కథ ఉంది: ఆడపిల్లలను చెరబట్టిన పాలెగాడు దాక్కుంటే, గంగమ్మ రోజుకో వేషంలో వెతికి, తాను దొర వేషంలో ఉండగా వాడు బయటికి రాగానే సంహరించింది. (వేషాన్ని నమ్మి మోసపోయినవాడు ఆ కథలో పెద్దవాడే.) ఆ దొరకు హారతి పట్టే మనం అది ఉత్త వేషమనుకుంటున్నామా? మనం సగం నమ్ముతూ, పిల్లవాడిని అసలే నమ్మవద్దనడం నాకు నచ్చదు. మీ తమ్ముడిది మొక్కు వేషం కనుక, మీ అమ్మగారికి కోపం వచ్చినా, బాబాయేనని చెప్పడమే న్యాయం.

సత్యశోధిని:
మొక్కు వేషం వరకు అంగీకరిస్తాను. కైకాల వేషాల మాట మాత్రం ఒప్పుకోను. పెద్దలు తెలిసి నమ్ముతారు, పసివాడికి ఆ వెసులుబాటు లేదు. జాతరలో బూతులు తిట్టడం ఆచారం. జాతర వేషాల్లో ఒకటైన బండ వేషం కట్టినవారి నోట విన్నవి అమ్మవారి మాటలేనని నమ్మినవాడు మరునాడు బడిలో వాటినే అప్పజెబితే, మీరు పంతులుగా ఏమని మందలిస్తారు?